షేతే గ్లాసు

ఫోను మోగినప్పుడు లగాజా వ్యాను ముందు చక్రానికి నట్లు బిగిస్తున్నాడు. పానా మీద కుడిచెయ్యి వేసి నొక్కుతూ, నొక్కుతున్నంతసేపూ ఆ చేతి వంకే చూస్తున్నాడు. చూడకపోతే చెయ్యి పానా మీద ఉందో లేదో తెలియడం లేదు. ఫోను ఎడమచేత్తో తీశాడు.

“తెరిచాం బావా!” బుల్డోజర్ నడిపే నుగ్జర్ గొంతు. వెనక ఇంజను రొద. “కనుమ తెరిచాం! ఒక్క బండి పట్టేంత దారి ఉంది. అటూ ఇటూ మంచు గోడలు నీ వ్యానుకన్నా ఎత్తున్నాయి. ఇవాళే బయల్దేరు. మొదటి బండి నీది కాకపోతే బాగుండదు.”

“సరే,” అన్నాడు లగాజా.

“సరే ఏమిటయ్యా! శీతకాలమంతా ఊరు ఊరంతా ఈ మాట కోసం కూర్చుంటే, నువ్వు సరే అంటావా?”

“నట్లు బిగిస్తున్నాను.”

నుగ్జర్ నవ్వి పెట్టేశాడు. లగాజా మిగిలిన నట్లు కూడా బిగించాడు. ఆ లోపలే కూతురు దారికో వంటింటి కిటికీలోంచి సంగతి విని, చేతికి పిండి ఉండగానే కంచె దగ్గరికి పరిగెత్తి పక్కింటికి అరిచింది. పక్కిల్లు ఎదురింటికి అరిచింది. అల్వానీలో అన్నీ కొండమీది వాళ్ళ ఇళ్ళే. చలికాలానికి గొర్రెల్ని తోలుకుని కిందికి దిగుతారు. కనుమ తెరిచేదాకా ఇక్కడ ఉంటారుగాని, బట్టల మూటలు పూర్తిగా విప్పరు. వీధి చివర ఎవరో పాట అందుకున్నారు. ఎవరి కుక్కో కారణం తెలియకుండానే సంతోషంగా మొరిగింది.

లగాజా పానాని గుడ్డతో తుడిచి, సీటు కింద పెట్టాడు.

చెయ్యి చలికాలంలో మొదలైంది. ముందు చిటికెన వేలు, తర్వాత దాని పక్క రెండూ, ఇప్పుడు అరచేతిలో సగం. నొప్పి లేదు. నొప్పి ఉంటే ఎవరికైనా చెప్పుకునేవాడు. ఏమీ లేకపోవడాన్ని ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు. భార్య సందూవా పోయినప్పటినుంచి లోపల కూడా అలాగే ఉండటంతో, చేతికి వచ్చింది కూడా కొత్తగా అనిపించలేదు. పొయ్యి ఇనుము మీద ఒకసారి చెయ్యి ఆనించి మరిచిపోయాడు. వాసన వచ్చాక తీశాడు. ఆ రోజునుంచి చేతిని చూసుకుంటూ పని చేసుకోవడం నేర్చుకున్నాడు.

కనుమ దారిలో మాత్రం కళ్ళకు వేరే పని ఉంటుంది. అది అతనికి తెలుసు. చలికాలమంతా తెలుసు.

ఇంట్లోకి వెళ్ళి దిండు తెచ్చుకున్నాడు. గొర్రె ఉన్ని దట్టించి సందూవా చేసిన దిండు, ఎర్రటి పొట్టేలు కొమ్ముల ముగ్గుతో. మధ్యలో అతని శరీరం అచ్చు పడిపోయి, గిన్నెలా గుంట దిగింది. రోజూ పొద్దున సీటు మీద వేసుకుంటాడు, సాయంత్రం తేమ తగలకుండా ఇంట్లోకి తీసుకుపోతాడు. దారికో రొట్టెల మూటతో వచ్చి నిలబడింది.

“ఈసారైనా బండి నాకు ఇస్తావా నాన్నా, పైదాకా?”

“చూద్దాం.”

“ప్రతి ఏడూ చూద్దామంటావు. చూసేసరికి మంచు పడుతుంది.”

దారికోకి ముప్ఫై దాటాయి. జున్ను మూటలేసుకుని అదే వ్యాన్‌లో తెలావీ బజారుకి వారం వారం వెళ్ళొస్తుంది. కనుమ దారిలో ఆడవాళ్ళు బండి నడపకూడదని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, అంతే.

బబలే అత్త అందరికన్నా ముందొచ్చి వెనక సీటు మధ్యలో కూర్చుంది. ఉప్పు బస్తా, ఉల్లిపాయలు, పొగాకు, బుట్టలో ఒక ఎర్రకోడి. ఆమె మొగుడు పాతా గుర్రాల్ని చూసుకుంటూ చలికాలమంతా పైనే ఉండిపోయాడు. మంచు పడ్డాక అతని కబురు రెండుసార్లే వచ్చింది. “బతికుంటే పొగాకు అడుగుతాడు, లేకపోతే కోడి నాకే మిగుల్తుంది,” అంది ఆమె, కోడి తల నిమురుతూ.

చివరగా కొత్త జంట ఎక్కింది. ఎతేరి పైఊరి పిల్లే, తాతకి మొగుణ్ణి చూపించడానికి తీసుకెళ్తోంది. ఆ మొగుడు గేలా పడమటి పల్లపు ప్రాంతం వాడు, కొండ ముఖం ఎరగడు. పెళ్ళయి వారమైంది. బండి ఎక్కడానికి కూడా ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు, తలుపులో ఇరుక్కున్నారు. “ఒకరి తర్వాత ఒకరు ఎక్కండర్రా, కనుమ ఎక్కడికీ పారిపోదు,” అంది బబలే.

కొండ మొదలయ్యే చోట, చివరి ఊరి వంతెన దగ్గర, ఆమె ముక్కు ఎగరేసింది.

“ఆ సంచిలో ఏముంది అబ్బాయ్?”

“మా అమ్మ పంపిందత్తా, వీళ్ళ తాతగారికి. పొగబెట్టిన పంది తొడ,” అన్నాడు గేలా గర్వంగా. “ఆమె చేత్తో చేసింది.”

వ్యాన్‌లో కోడి తప్ప ఎవరూ మాట్లాడలేదు. లగాజా బండి పక్కకి తీసి ఆపాడు.

“పంది!” ఎతేరి తలగుడ్డతో ముఖం కప్పుకుంది. “నాకు చెప్పలేదే!”

“నువ్వు అడగలేదుగా!”

“పెళ్ళయిన వారానికే నీ సంచులు వెతకమంటావా?”

పంది కొండెక్కదు. మాంసం గాని, కొవ్వు గాని, నూనెచుక్క గాని. ఎక్కితే వడగళ్ళు పడతాయి, దారి జారుతుంది. ఇది ఆ వీధిలో నడక రాని పిల్లలకి కూడా తెలుసు. “నేను చలికాలమంతా తింటాను, నాకేం విరోధం లేదు,” అని బబలే గేలాకి ఓపిగ్గా చెప్పింది. “కిందది కిందే. దిగు.”

గేలా వంతెన పక్కన నిలబడి, తల్లి కష్టం వృథా పోకుండా తినగలిగినంత తిన్నాడు. ఎతేరి రొట్టె తుంచి అందిస్తూ, నవ్వాపుకోలేక వంతెన కమ్మీ పట్టుకుంది. మిగిలింది చివరింటావిడకి ఇచ్చేశారు. తర్వాత ఏట్లో చేతులూ మూతీ కడుక్కుని రాగానే బబలే అతని వేళ్ళు ఒక్కొక్కటే వాసన చూసింది. “ఎడమది మళ్ళీ కడుక్కో,” అంది. అతను బడిపిల్లాడిలా మళ్ళీ ఏటికి దిగాడు. దారికో నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

ఇక్కడ నవ్వాలి అని లగాజాకి తెలిసింది. స్టీరింగ్ మీదున్న కుడిచేతిని ఎడమచేత్తో ఒకసారి సర్ది, బండి కదిలించాడు.

అతని వ్యాను జపాను నుంచి వచ్చిన పాతది. ఇక్కడ అన్ని బళ్ళకీ స్టీరింగ్ ఎడమవైపు ఉంటే, దానికి కుడివైపుంటుంది. ఊళ్ళో అది ఇబ్బందే. కొండెక్కేటప్పుడు మాత్రం లోయ కుడివైపుంటుంది, కిటికీలోంచి తల వంచితే చక్రం కిందున్న మట్టి అంచు కనిపిస్తుంది. లగాజా ముప్ఫై ఏళ్ళు ఆ అంచునే చూస్తూ బతికాడు. గేర్లు ఎడమచేతికి, స్టీరింగ్ కుడిచేతికి.

ఏరు కిందికి, ఇంకా కిందికి పోయింది. జలపాతాలు సరాసరి దారి మీదే పడుతున్నాయి. వాటి కిందనుంచి పోయినప్పుడల్లా పైకప్పు డప్పులా మోగింది, ఎతేరి అలవాటుగా అరిచింది, గేలా అలవాటు లేక అరిచాడు. మంచు కరిగిన జాగాలో పసుప్పచ్చ పూలు అప్పుడే లేచిన పిల్లల్లా చెదిరి ఉన్నాయి. ముందు ఎడమసీట్లో కూర్చున్న దారికో పూలు చూడటం మానేసింది. నాన్న ప్రతి మలుపులోనూ ఒకసారి దారి వంక, ఒకసారి తన చేతి వంక చూస్తున్నాడు. ఇదివరకు ఆయన చేతిని చూసుకోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

షేతే మలుపు దగ్గర అందరూ దిగారు.

అక్కడ ఆగకుండా పోయే బండి లేదు. నల్లరాతి మీద షేతే ముఖం చెక్కి ఉంది, నవ్వబోయి మానుకున్నట్టు. షేతే కూడా ఈ దారిలో వ్యాను నడిపినవాడే. వానలో అక్కడే బండితో సహా లోయలోకి పోయాడు. ఆ రోజు వెనక బండి లగాజాదే. రాతి పక్కన రేకుపెట్టెలో ద్రాక్ష సారా సీసా, ఒకే ఒక గ్లాసు ఉంటాయి. గ్లాసు షేతే ఇంటిది. వచ్చినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అదే గ్లాసుతో అతని పేరు మీద తాగి, కడిగి బోర్లించి పోతారు. సీసా అయిపోయే వేళకి ఎవరో ఒకరు ఇంకొకటి పెడతారు. బండి నడిపేవాడు మాత్రం పెదవి తడిపి వదిలేస్తాడు.

దారికో పోసింది. ముందు లగాజాకి ఇచ్చింది.

“షేతేకి,” అన్నాడు అతను, రాతి మీది ముఖాన్ని చూస్తూ.

ఏదో పగిలిన చప్పుడయింది. అతను చెయ్యి పెదవుల దాకా ఎత్తి, అప్పుడు చూసుకున్నాడు. వేళ్ళు గ్లాసు పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. గ్లాసు రాతి దిమ్మె మీద ముక్కలై ఉంది.

“శుభం!” అన్నాడు గేలా, వాళ్ళ వైపు పెళ్ళిళ్ళలో అన్నట్టు.

“పెళ్ళిలో పగిలితే శుభం,” అంది బబలే. “పోయినవాడి గ్లాసు పగిలితే ఏమిటో నాకు తెలీదు. పోనీలే షేతే, నువ్వు బతికున్నప్పుడు నా గిన్నెలు రెండు పగలగొట్టావు.” సీసా తీసుకుని సారా నేలమీద పోసింది.

వచ్చే వారం గొర్రెలు ఆ దారినే నడిచి వస్తాయి. గాజు ముక్క గిట్టలో దిగితే కుంటిది అవుతుంది. దారికో వంగి ఒక్కో ముక్కా ఏరసాగింది. లగాజా కూడా కూర్చుని ఏరాడు. కాసేపటికి ఆమె ఆగింది. పచ్చగడ్డి మీద ఎర్రటి చుక్కలు పడుతున్నాయి. నాన్న వేలు లోతుగా తెగింది. ఆయన ఇంకో ముక్క కోసం వెతుకుతూనే ఉన్నాడు.

ఆమె తలగుడ్డ విప్పింది. దాని అంచు చింపి, ఎర్రపూల గుడ్డ ఆయన చేతికి చుట్టింది.

“ఎప్పటినుంచి?”

“ఏది?”

“నాన్నా.”

“చలికాలంనుంచి.”

“నొప్పా?”

“నొప్పి లేదు తల్లీ. ఏమీ లేదు.”

“తాళం ఇటివ్వు.”

బబలే, కొత్తజంట వ్యాను దగ్గర నిలబడి కోడికి నీళ్ళు పెడుతున్నారు. “ఇక్కడ కాదు,” అన్నాడు లగాజా. “వాళ్ళు చూస్తున్నారు.” లేచి వెళ్ళి దిండు మీద కూర్చున్నాడు. దారికో కదలకుండా షేతే ముఖం వంక ఒక్క క్షణం చూసి, తన సీట్లోకి ఎక్కింది. ఎక్కాక ఒక చెయ్యి హ్యాండ్ బ్రేక్ మీద ఉంచింది, తీయలేదు.

పైకి పోయేకొద్దీ పొగమంచు దిగింది. వెనక సీట్లో ఎతేరి తాత ముందు ఎలా నిలబడాలో మొగుడికి నేర్పుతోంది. “చేతులు జేబులో పెట్టకు. ఆయన పోసింది తాగు. అడక్కుండా పాడకు.” “అడిగితే?” “అడిగినా పాడకు, నువ్వు పాడగా నేను విన్నాను.”

పొగమంచులోంచి ముందు పసుప్పచ్చ దీపం వచ్చింది, తర్వాత బుల్డోజర్ బ్లేడు. కింద ఎక్కడో మట్టి జారిందని కబురు వచ్చి నుగ్జర్ దిగి వస్తున్నాడు. దారి ఒక్క బండికే. అంత ఇనుము వెనక్కి పోలేదు, వ్యానే వెనక్కి దిగి వెడల్పు జాగాలో తప్పుకోవాలి.

లగాజా రివర్సు వేశాడు. కిటికీలోంచి తల పెట్టి వెనక చక్రాన్ని చూశాడు. చక్రాన్ని చూస్తుంటే చెయ్యి కనబడదు, చేతిని చూస్తే చక్రం కనబడదు. చక్రాన్నే చూశాడు. బండి కొంచెం జరిగింది. అనుకున్న వైపు కాదు. చక్రం కిందనుంచి ఒక రాయి ఊడి అంచు దాటింది. అది పడిన చప్పుడు కోసం అతను విన్నాడు. చప్పుడు రాలేదు.

ఇప్పుడు భయం వేయాలి. ముప్ఫై ఏళ్ళుగా ప్రతిసారీ వేసింది. కడుపులో చన్నీళ్ళు పోసినట్టు ఉండేది, దానితోనే అతను బండిని నడిపాడు. ఆ చల్లదనం కోసం కాసేపు ఎదురుచూశాడు. అది రాలేదు. అది రాలేదని తెలిసి, బ్రేకు తొక్కాడు. దారికో ఆ క్షణానికే హ్యాండ్ బ్రేక్ లాగింది.

“ఇటొచ్చి కూర్చో,” అన్నాడు.

తను కూతురి వైపు తలుపులోంచి దిగాడు. తన తలుపు కింద నేల లేదు.

“ఏమయింది బావా?” పైనుంచి నుగ్జర్ అరిచాడు. “ఆడపిల్లకిస్తున్నావా? ఇక్కడా? ఇంతకన్నా మంచి చోటు దొరకలేదా?”

“నీ ఇనుము నువ్వు చూసుకో!”

“ఎవరు నడిపేది?” వెనకనుంచి బబలే.

“నేనే అత్తా,” అంది దారికో, దిండు మీదికి జరుగుతూ.

“అయితే నేను దిగుతా.” బబలే సగం లేచింది, మళ్ళీ కూర్చుంది. “వద్దులే, మోకాళ్ళు. నడుపు. నెమ్మదిగా నడుపు. కాదు కాదు, నీకెలా వస్తే అలా నడుపు, నా మాట వినకు.”

లగాజా వ్యాను వెనక్కి నడిచి వెళ్ళి, అద్దంలో కనబడే చోట నిలబడ్డాడు. కుడిచెయ్యి పైకెత్తాడు. పొగమంచులో ఎర్రపూల గుడ్డ బాగా కనబడుతుంది. రా, అన్నాడు చేత్తో. ఇంకా రా. గోడవైపు తిప్పు. ఆ చేతికి ఇప్పుడు ఏమీ తెలియనక్కర్లేదు, కనబడితే చాలు. వ్యాను అతని చెయ్యి ఎటు వంగితే అటు వంగుతూ, కొండగోడని గీసుకునేంత దగ్గరగా, వెడల్పు జాగాలోకి వచ్చి ఆగింది.

బుల్డోజర్ నెమ్మదిగా పక్కనుంచి దాటింది. నుగ్జర్ ఏదో ఎగతాళి ఆడబోయి, అద్దం వెనక దారికో ముఖం చూసి, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

లగాజా ఎడమసీట్లో కూర్చున్నాడు. ఆ సీట్లో దిండు లేదు, గట్టిగా ఉంది. దారికో పెదవులు బిగించి నడుపుతోంది. మొదటి మలుపులో గేరు అరిచింది, రెండో దాంట్లో అరవలేదు. అటువైపు అంచు అతనికి కనబడదు. అందుకని ఇటు చూశాడు. ఇటు కొండగోడ చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో పోతోంది. నాచు మీద నీటి పూసలు, రాతి నెర్రెలో నీలం పూలు, ఒకచోట గడ్డితో కట్టిన గూడు, అందులోంచి ఒక చిన్న ముక్కు. ముప్ఫై ఏళ్ళుగా తను ఇంత దగ్గరనుంచి పోతూ కూడా గోడవైపు ఏముందో చూడలేదు. ఇప్పుడు చూశాడు. సంతోషమో ఏమో తెలియలేదుగాని, తల మాత్రం తిప్పుకోలేదు.

కనుమ మీద మంచు గోడల మధ్య దారి ఇంటి వసారాలా ఇరుగ్గా, తెల్లగా ఉంది. గేలా కిటికీలోంచి ఒక మంచు ముక్క విరిచి పెళ్ళాం చెంపకి ఆనించాడు. ఆమె దాన్ని అతని చొక్కాలో వేసింది. బబలే శిలువ గుర్తు వేసుకుని, “పందిని తేలేదు స్వామీ, వాడి పొట్టలో ఉన్నదాన్ని లెక్క వెయ్యకు,” అంది.

పైఊరు ఓమాలోకి చేరేసరికి పొద్దు కొండల మీదే ఉంది. దడి పక్కన పాతా నిలబడి ఉన్నాడు. గడ్డం బొడ్డుదాకా పెరిగింది, కోటు మాత్రం అదే.

“బతికే ఉన్నావా?” అంది బబలే కోడితో సహా దిగుతూ.

“పొగాకు తెచ్చావా?”

“ముందు నన్ను చూడు.”

“చూశాను. బాగున్నావు. పొగాకు?”

ఆమె పొట్లం అతని గుండెకేసి కొట్టి, అక్కడే చెయ్యి ఉంచేసింది. తీయడానికి చాలాసేపు పట్టింది. కొత్తజంట ఎతేరి తాత ఇంటివైపు వెళ్ళారు, గేలా చేతులు జేబుల్లోంచి తీసి.

లగాజా ఇంటి ముందు దారికో ఇంజను ఆపింది. ఆపాక కూడా రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచి కూర్చుంది.

“రేపు కిందికి పోవాలి, మనుషులు ఎదురుచూస్తుంటారు,” అన్నాడు లగాజా. “పొద్దున్నే నువ్వే నడుపు. షేతే దగ్గర ఆపు. ఇంట్లో మీ అమ్మ గ్లాసుల్లో ఒకటుంటుంది, అది తీసుకెళ్ళి పెడదాం. గ్లాసు లేకుండా వాడక్కడ ఎలా ఉంటాడు.”

“ముందు తెలావీలో డాక్టరు దగ్గరికి.”

“దారిలో ముందు షేతే వస్తాడు.”

దారికో తాళం తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

“గ్లాసులో సారా నువ్వే పొయ్యి,” అన్నాడు అతను. “నిండా పొయ్యి. ఇన్నేళ్ళూ వాడి పేరు మీద పెదవి తడిపానుగాని తాగలేదు. రేపు తాగుతాను.”

దిగి, వ్యాను ముందునుంచి తిరిగి, అలవాటు కొద్దీ ఆమె వైపు తలుపు తీశాడు. దారికో కూడా దిగింది. దిండు కోసం చేయి చాచాడు, ఎర్రపూల గుడ్డ కట్టిన చెయ్యి. అది అక్కడిదాకా వెళ్ళి ఆగింది. తర్వాత తలుపు వేసి, కూతురి వెనక ఇంట్లోకి నడిచాడు.

సీటు మీద పొట్టేలు కొమ్ముల దిండు ఉండిపోయింది, మధ్యలో పాత గుంటతో, ఆ గుంటకి ఒక పక్కగా ఇవాళే పడిన చిన్న నొక్కుతో.